గోడ వెనుక శ్రేణిక మహారాజు

కువైట్ సల్వాలోని ఆ ఇంట్లో, వంటగది ఫ్రిజ్ వెనుక ఒక గోడ ఉంది. ఆ గోడ వెనుక ఒక మనిషి ఉన్నాడు. పోయిన వారం కథను గేటు బయట జీపు ఆగిన చప్పుడు దగ్గర ఆపాం.

గోడ వెనుక ఉన్నది ఇంటి యజమాని అబూ ఫైసల్. ముసలాయన, ఒకప్పుడు పోలీసు శాఖలో పెద్ద అధికారి. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక, పాత పోలీసు అధికారులను ఇళ్లలోంచి లాక్కుపోవడం మొదలైంది. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. భార్యా కూతుళ్లూ వేసవికి కైరో వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది రాయచోటి నుంచి వచ్చిన పనిమనిషి వెంకటేశ్వరి, రాజంపేట నుంచి వచ్చిన డ్రైవర్ పెంచల్. డ్రైవరు కాకముందు పెంచల్ తాపీ పనివాడు. వంటగదిని ఆనుకున్న సామాన్ల గదిలోకి యజమానిని పంపి, గుమ్మాన్ని ఇటుకలతో మూసి, సున్నం కొట్టి, ముందు ఫ్రిజ్ నిలబెట్టింది అతనే. పెరటివైపు గాలి ఫ్యాను తీసేసిన కంత ఒకటుంది. తిండీ నీళ్లూ మాటలూ అన్నీ అందులోంచే.

చక్కెర జబ్బు మందులు వెంకటేశ్వరి తెచ్చేది. సంచులు, చెప్పులు, చీర కుచ్చెళ్లు కూడా వెతికే చెక్‌పోస్టుల మీదుగా, తన కొప్పులోని సవరంలో దాచి తెచ్చేది.

"ఈ తెలివి నీకెవరు నేర్పారు?" అని ముసలాయన ఒకసారి అడిగాడు.

"ఒక రాణి, బాబా."

అలా మొదలైంది ఆ కంత దగ్గర శ్రేణిక మహారాజు కథ.

కువైట్ రాకముందు వెంకటేశ్వరి ప్రొద్దుటూరులో ఒక మార్వాడీ సేటు ఇంట్లో పనిచేసింది. జైనులు. పొద్దు వాలకముందే ఆ ఇంట్లో భోజనాలు ముగిసేవి. గిన్నెలు తోముతున్న పనిమనిషికి ముసలి సేటమ్మ వరండాలో కూర్చుని కథ చెప్పేది. ఆమెకొక పద్ధతి. ఇవాళ ముడి వేసి వదిలేస్తుంది, రేపు విప్పుతుంది. ముడి విప్పే మాట వినడానికైనా పనిమనిషి మర్నాడు వేళకు వస్తుందని. వెంకటేశ్వరీ అదే పద్ధతి పట్టింది. రేపటి మాట కోసమైనా లోపలి మనిషి రేపటిదాకా బతకాలని.

అందులో కుక్కల కథంటే ముసలాయనకు ఎంతో ఇష్టం. మగధ రాజు తన కొడుకుల్లో గద్దెకు తగినవాడెవడో చూడాలనుకున్నాడు. అందరికీ పాయసం వడ్డించి, తింటుండగా వేటకుక్కల్ని వదిలాడు. రాకుమారులందరూ లేచి పారిపోయారు. శ్రేణికుడు ఒక్కడే కదల్లేదు. అన్నదమ్ములు వదిలిపోయిన గిన్నెలు ఒక్కొక్కటే కుక్కల ముందుకు తోస్తూ, తన గిన్నె తాను ఖాళీ చేశాడు. శత్రువుకు పరాయి గిన్నె, తనకు తన గిన్నె. "ఇతను పోలీసులో చేరాల్సినవాడు" అన్నాడు అబూ ఫైసల్.

ఆ శ్రేణికుడే రాజగృహానికి రాజయ్యాడు. బుద్ధుడికి వెదురుతోట ఇచ్చాడు, మహావీరుడి పాదాలకు మొక్కాడు. మావాడంటే మావాడని రెండు మతాలూ నేటికీ చెప్పుకునే రాజు. అంతటివాణ్ణి కన్న కొడుకు కూణికుడు చెరలో వేశాడు. తిండి పెట్టవద్దన్నాడు, కొరడా దెబ్బలు కొట్టించాడు. చూడటానికి వెళ్లే రాణి చెల్లన తన కొప్పులో మినపముద్ద దాచుకుపోయి భర్త ప్రాణం నిలిపింది.

"ఆ రాజు దగ్గర పిస్తోలు లేదు. నా దగ్గరుంది" అన్నాడు అబూ ఫైసల్ అక్కడ.

అతని కోపానికి కారణముంది. కొడుకు ఫైసల్ ఇరాకీ కెప్టెన్ పక్కన జీపులో కూర్చుని వెళ్లడం గోడ కట్టకముందే మిద్దె మీదనుంచి చూశాడు. ఆ రోజు నుంచి తనకు కొడుకు లేడనే అంటున్నాడు.

పోయిన వారం భాగంలో వెంకటేశ్వరి చివరగా చెప్పిన మాట ఇది: "కావలివాడు పరుగెత్తుకొచ్చి, మహారాజా, మీ కొడుకు గొడ్డలి ఎత్తుకొని ఇటే వస్తున్నాడు, అన్నాడు." అక్కడ ముడి వేసి, కంత మీద రేకు మూసింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది.

జీపులోంచి ఫైసల్ దిగాడు.

*

"అక్కా, ఫైసలయ్య వచ్చినాడు." పెంచల్ వంటగదిలోకి దూసుకొచ్చాడు. "ఎంబడి కెప్టెన్ ఉండాడు. మూతి చూస్తే ఉప్పేసిన నిమ్మకాయ నాకినట్టుండాది."

"ఇంకెవురు?"

"ఇద్దురు సిపాయిలు. పాపం, వాళ్లవి ఆకలి మొకాలు. గేటు కాడ నీడలో కూలబడినారు."

వెంకటేశ్వరి పొయ్యి మీది పెద్ద గిన్నె దించింది. కోడిమాంసం వేసి వండిన అన్నం. "తీసకపో. అడగకముందే పెట్టు. కుక్కల కథ గుర్తుండాదా?"

"నువ్వు చెప్పేది బాబాకి, ఇనేది నేను. గుర్తు లేకేం?" గిన్నె ఎత్తుకున్నాడు పెంచల్. "అయినా అక్కా, ఆ రాజు పెట్టింది పక్కోళ్ల పాయసం. నువ్వు మన రాత్రి కూడు పెడ్తాండావు."

"నోరు మూసుకోని పో."

అతను ఆ తలుపులోంచి వెళ్లాడు. ఈ తలుపులోంచి ఫైసల్ వచ్చాడు. ముప్పై దాటినవాడు. చెంపలు లోపలికి పోయాయి. నేరుగా వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఇస్వరీ, నాన్న ఎక్కడ?"

ఫైసల్ బడికి పోయే వయసులో వచ్చింది ఆమె ఈ ఇంటికి. అతనికి మొదటి నుంచీ ఆమె ఇస్వరే. ఆమెకు వచ్చిన అరబ్బీ కూడా ఈ వంటగదిలో నేర్చుకున్నదే.

"లేడు. మొదట్లోనే సౌదీ పోయాడు."

"ఎవరితో?"

"నాకేం తెలుసు? నేను పనిమనిషిని."

అతను పొయ్యి వైపు చూశాడు. వెనుక మంట మీద చిన్న గిన్నెలో హరీస్ ఉడుకుతోంది. గోధుమలూ మాంసమూ మెత్తగా మెదిపిన జావ. చెంచాతో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు లేదు."

"నాకు రక్తపోటు."

"నీకా? మీ ఊరి ఊరగాయ ఉత్తదే తినేదానివి." అతని మొహంలో నవ్వులాంటిది కదిలింది. "ఉప్పు మానమని డాక్టర్ చెప్పిన రోజు నాన్న గిన్నె తీసి గోడకు కొట్టాడు, గుర్తుందా? ఇప్పుడెలా తింటున్నాడు?"

"నన్ను తిట్టుకుంటూ తింటాడు" అంది వెంకటేశ్వరి.

అనేసింది. నాలుక కరుచుకునేలోపు మాట దాటిపోయింది.

ఫ్రిజ్ మోటారు గుర్రుమంటోంది. ఫైసల్ చూపు మెల్లగా ఆ ఫ్రిజ్ మీదికి, దాని వెనుక కొత్త సున్నం మీదికి వెళ్లింది. వెంకటేశ్వరి వెళ్లి ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడింది.

"నువ్వు వాళ్ల జీపులో తిరుగుతావు. బాబా తన కళ్లతో చూశాడు. నిన్ను నేనెట్ల నమ్మాలి?"

"నీళ్లు, ఇస్వరీ." గొంతు తగ్గించి చెప్పాడు. "సముద్రపు నీళ్లను తాగే నీళ్లు చేసే ప్లాంటులో మిగిలిన ఇంజనీర్లం కొద్దిమందిమి. మేమూ పారిపోతే ఊరంతా దప్పికతో చస్తుంది. ఆసుపత్రులకీ ఆ నీళ్లే. నేను పారిపోకుండా పక్కన కెప్టెన్ ఉంటాడు. నువ్వు దాన్ని జీపు అనుకున్నావు. నా కాలికి అది గొలుసు."

"ఆ మాట బాబాకి చెప్పాల్సింది."

"చెప్పడానికి వస్తే వెంట కెప్టెన్ వచ్చేవాడు. నాకు తండ్రి లేడని, ఎప్పుడో చనిపోయాడని వాళ్లకు చెప్పాను. అందుకే ఇన్నాళ్లూ ఈ ఇంటిని ఎవరూ తవ్వలేదు." నుదుటి చెమట తుడుచుకున్నాడు. "రేపు పొద్దున వాళ్ల దళం ఈ ఇంట్లో దిగుతుంది. సామాను జరుపుతారు. గోడ దొరుకుతుంది. ఇవాళ వఫ్రా వైపు నీళ్ల ట్యాంకరు పోతోంది, నడిపేది మనవాడే. ట్యాంకులో ఒక అర ఖాళీగా ఉంచాను. వఫ్రా దాటితే సౌదీ. వెనుక సందులో ట్యాంకరుతో నిలబడి ఉన్నాడు. పాత డ్రాయింగులు తెచ్చుకుంటానని కెప్టెన్‌తో చెప్పి వచ్చాను. వాళ్ల తిండి ముగిసేలోపు నాన్న ఆ ట్యాంకరులో ఉండాలి."

వెంకటేశ్వరి అతని కళ్లలోకి చూసింది. నిజమో అబద్ధమో చూపుల్లో తేలే కాలం కాదది. కానీ రేపు గోడ దొరుకుతుందన్న మాటలో అబద్ధం లేదు. వీధి చివరి రెండు ఇళ్లలో దళాలు దిగడం ఆమె చూసింది.

"ఫ్రిజ్ ఆ పక్క పట్టుకో" అంది.

ఖాళీ గిన్నెతో తిరిగొచ్చిన పెంచల్ గుమ్మంలో నిలబడిపోయాడు. చూసిన దాన్ని అర్థం చేసుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఎడం పక్క కింద కొట్టమను అక్కా. ఆడ సిమెంటు ఎయ్యలా. పడిపోవాలనే కట్టినా." మధ్యాహ్నం మిగిలిన అన్నం గిన్నెలోకి దిమ్మరించుకున్నాడు. "నేను పోయి కారు స్టార్ట్ జేసి రేసిస్తా. ఇంజను బాలేదంటా. యా చప్పుడూ ఇనపడదు."

నిమిషంలో బయట కారు రంకెలు వేయడం మొదలైంది. ఫైసల్ మెట్ల కింద వెతికాడు. ఖర్జూరపు మట్టలు నరికే గొడ్డలి దొరికింది. దాని వెనుకవైపుతో గోడ అడుగున ఒక్క దెబ్బ వేశాడు. సున్నం పెచ్చులు రాలాయి. ఒక ఇటుక లోపలికి జారింది.

"యుబా!" నాన్నను పిలిచాడు. "నేనే. ఫైసల్‌ని."

జవాబుగా గోడ లోపలినుంచి ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు వచ్చింది. వెంకటేశ్వరికి అదేమిటో తెలియలేదు. పోలీసు అధికారి కొడుక్కి తెలిసింది. చేతిలోది ఎత్తినట్టే ఆగిపోయింది.

"గొడ్డలి తెచ్చావా, ఫైసల్?" లోపలి గొంతు నింపాదిగా ఉంది. "రా. కంత పెద్దది చెయ్యి. ముందు నీ తల రానీ."

వెంకటేశ్వరికి తన మాటే గుర్తొచ్చింది. కావలివాడు పరుగెత్తుకొచ్చి... మీ కొడుకు గొడ్డలి ఎత్తుకొని... ఆ మాట మీద ముడి వేసి వచ్చింది తనే. లోపలి మనిషి చీకట్లో ఆ మాటనే నెమరేసుకుంటూ పిస్తోలు నింపుకొని కూర్చున్నాడు. తన కథలో కొడుకు చేతికి గొడ్డలి ఇచ్చింది. ఎందుకిచ్చిందో చెప్పకుండా లేచి వచ్చేసింది.

"కొట్టొద్దు! నేను పిలిచేదాకా కొట్టొద్దు" అని ఫైసల్‌కి చెప్పి పెరట్లోకి పరుగెత్తింది.

కంత మీది రేకు లాగేసింది.

"బాబా!"

"పక్కకు తప్పుకో, ఇస్వరీ. వాళ్లతో వచ్చినవాణ్ణి నేను కొడుకు అనను."

"కథ అయిపోలేదు, బాబా."

"కొడుకు గొడ్డలి పట్టుకొచ్చాడు. ఇంకేం మిగిలింది?"

"ఎందుకు తెచ్చాడో మిగిలింది. అది నేను చెప్పలేదు. చెప్పకుండా లేచిపోవడం నా తప్పు. ఇప్పుడు విను. విన్నాక కాల్చుకో."

ముందుపక్క పెంచల్ కారు అరుస్తూనే ఉంది. ఆమె గోడకు నోరు ఆనించింది.

"ఆ పొద్దు కూణికుడు అన్నం తింటున్నాడు. ఒళ్లో వాడి కొడుకు, చిన్న బిడ్డ. ఆ బిడ్డ కంచంలోనే ఉచ్చ పోశాడు. వాడు కసరలేదు. తడిసిన మెతుకులు పక్కకు తీసేసి మిగిలింది తిన్నాడు. తిని తల్లి వైపు చూసి, అమ్మా, కొడుకును ఇంతగా ప్రేమించే తండ్రి లోకంలో ఉన్నాడా, అన్నాడు. అప్పుడు చెల్లన నోరు తెరిచింది. పాపాత్ముడా, నువ్వు పుట్టగానే నీవల్ల మీ నాన్నకు కీడని నేనే నిన్ను చెత్తకుప్పలో వేయించాను, అంది. కోడి వచ్చి నీ వేలు పొడిచింది. మీ నాన్న వెతుక్కుంటూ వచ్చి నిన్ను ఎత్తుకున్నాడు. వేలు చీము పట్టింది. నువ్వు నిద్రపోకుండా ఏడ్చావు. ఆ రాజు, అంత పెద్ద రాజు, నీ వేలు నోట్లో పెట్టుకొని చీము పీల్చి ఉమ్మేశాడు. నీ ఏడుపు ఆగేదాకా పీల్చాడు. అలాంటివాణ్ణి నువ్వు చెరలో పెట్టి కొట్టిస్తున్నావు, అంది."

కంతలోంచి ఊపిరి చప్పుడు వినిపిస్తోంది.

"కూణికుడు ఎంగిలి చెయ్యి కడగలేదు. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడగలేదు. కనపడిన గొడ్డలి అందుకొని పరుగెత్తాడు. నాన్న సంకెళ్లు నా చేత్తోనే విరగ్గొడతానని పరుగెత్తాడు. అందుకు తెచ్చాడు బాబా గొడ్డలి."

"రాజు?"

"రాజుకు గొడ్డలే కనపడింది. వీడి చేతిలో ఏ చావు చావాలో అనుకున్నాడు. ఉంగరంలో దాచుకున్న విషం నాలుక మీద వేసుకున్నాడు. కొడుకు తలుపు పగలగొట్టేసరికి పడిపోయి ఉన్నాడు."

లోపలినుంచి ప్రశ్న వచ్చింది. "ఎవరూ చెప్పలేదా ఆ రాజుకు?"

"చెప్పలేదు, బాబా. రాణి అంతఃపురంలో ఉండిపోయింది. కావలివాడు చేతిలోది చూశాడు గానీ వాడి కళ్లు చూడలేదు. నేను ఇక్కడే ఉన్నా. ఫైసల్ కళ్లు చూసి వచ్చి చెప్తున్నా."

ముసలాయన మాట మార్చాడు. పోలీసువాడి ప్రశ్న వేశాడు. "ఎంతమంది?"

"గేటు దగ్గర ముగ్గురు. తింటున్నారు. లోపల వాడొక్కడే. వెనుక సందులో ట్యాంకరు ఉంది, నీ కోసం."

వెంకటేశ్వరి కళ్లు మూసుకుంది. ఏదో మోచేతికి తగిలితే తెరిచింది. కంతలోంచి నల్లటి పిస్తోలు, పిడి ముందుగా, బయటికి వస్తోంది.

"పట్టుకో" అన్నాడు అబూ ఫైసల్. "ఇది చేతిలో ఉంటే నా చెయ్యి నా మాట వినదు. కొట్టమను."

*

గోడ మూడు దెబ్బల్లో కూలింది. పెంచల్ మాట తప్పలేదు. దుమ్ములోంచి అబూ ఫైసల్ వంగి బయటికి వచ్చాడు. పెరిగిన గడ్డం మీద సున్నం, భుజాల మీద ఇటుక పొడి. వెలుతురుకు కళ్లు చికిలించి కొడుకును చూశాడు. వెంకటేశ్వరి పిస్తోలును తడి వంటగుడ్డలో చుట్టి రెండు చేతులతో పొట్టకు ఆనించుకుంది.

"చిక్కిపోయావు" అన్నాడు తండ్రి.

ఫైసల్ గొడ్డలి వదిలేశాడు. ముందుకు వచ్చి, వాళ్ల ఆచారం ప్రకారం తండ్రి నుదురు ముద్దుపెట్టుకోబోయాడు.

బయట కారు చప్పుడు ఆగిపోయింది.

"అక్కా!" పెంచల్ తెలుగులో గొంతు చించుకున్నాడు. "నిమ్మకాయ లోపలికొస్తాంది! ఆపినా ఆగలే! యాడన్నా దాపెట్టు!"

దాచడానికి వేళ దాటిపోయింది. కెప్టెన్ వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మూతి తుడుచుకుంటూ కింద పడ్డ ఇటుకలు చూశాడు, గోడలో కంత చూశాడు, గొడ్డలి చూశాడు. చివరికి ముసలాయన దగ్గర చూపు నిలిపాడు.

"ఇంజనీర్, ఈయన ఎవరు?"

ఫైసల్ నోరు తెరిచాడు. తండ్రి అని చెబితే ఇన్నాళ్ల అబద్ధం బయటపడుతుంది, ఇద్దరికీ చావే. కాదని చెబితే పరాయి ముసలివాణ్ణి ఎవరూ క్షమించరు.

జవాబు ముసలాయన చెప్పాడు.

"ఇతని తండ్రి స్నేహితుణ్ణి. పాత పోలీసు అధికారిని. మీరు వెతికేవాళ్లలో నేనూ ఒకణ్ణి." కెప్టెన్ వైపు ఒక అడుగు వేశాడు. కొడుకు వైపు చూడలేదు. "చచ్చిన స్నేహితుడి ఇల్లు కదా, కొడుకు అన్నం పెడతాడనుకొని దాక్కున్నాను. వీడు గొడ్డలి పట్టుకొచ్చాడు. మీకు మంచి నౌకరు దొరికాడు, కెప్టెన్."

వెంకటేశ్వరి తడిగుడ్డలో వేళ్లు బిగించింది. కెప్టెన్ ఆ ముసలి మొహాన్నీ ఈ పడుచు మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. తొందరపడలేదు. రెండు ముక్కులు, రెండు నుదుళ్లు, ఒకే రకంగా ముడిపడిన కనుబొమలు.

"మంచి పని చేశావు, ఇంజనీర్" అన్నాడు చివరికి. నడుము దగ్గరి తోలు సంచిలోంచి తన పిస్తోలు తీసి, పిడి ఫైసల్ వైపు తిప్పాడు. "ఇంత దూరం నువ్వే చేశావు. మిగిలింది కూడా నువ్వే చెయ్యి. పెరట్లోకి తీసుకుపో."

అబూ ఫైసల్ అప్పుడు మొదటిసారి కొడుకు వైపు తిరిగాడు. ఏదో అడిగినట్టు, ఏదో ఆజ్ఞాపించినట్టు, తల కొంచెం ఆడించాడు.

ఫైసల్ చెయ్యి చాచి ఆ పిస్తోలు అందుకున్నాడు.

(మిగతాది వచ్చే వారం)